బోరు నీళ్లు

హనుమంతవాక దాటి ఎత్తు ఎక్కేసరికి
సూది ఎర్రగీతకి తల ఆన్చింది.
వెనక మూడు గిన్నెల సాంబారు, నాలుగొందల ఇడ్లీ,
ముందు పాల ఆటో,
నా సీటు కింద గుర్రుమంటూ ఏదో.

మారుతి వ్యానులో ఇంజను మన కిందే ఉంటుంది.
పొయ్యి మీద కూర్చుని
పొయ్యి మీద దించినవి మోసుకెళ్లడం,
తొమ్మిదేళ్లుగా ఇదే నా పని,
మధురవాడ వైపు మూడు హాస్టళ్లకి.

చప్పుడు గురించి అందరూ చెప్పారు.
వాచ్‌మన్ హెడ్డు పోయిందన్నాడు.
మా మరిది ఇంజను మొత్తం విప్పాలన్నాడు,
ఇరవై ఎనిమిది వేలు అన్నాడు,
ఇరవై ఎనిమిది రూపాయలన్నంత తేలిగ్గా.
ఇసుకతోటలో ఒకడు బండి చుట్టూ ఓసారి తిరిగి
"అమ్మేయండి మేడమ్" అని చేతులు తుడుచుకున్నాడు.

కంచరపాలెంలో పట్టాల పక్కన పెంటయ్య మేస్త్రి షెడ్డు.
ఇరవై రెండేళ్లు షిప్‌యార్డులో ఉక్కురేకుల మీద సుత్తి కొట్టి
చెవులు అక్కడే వదిలేసి వచ్చాడాయన.
అరిచి చెప్పబోయాను.
"నువ్వు సెప్పీది కాదమ్మా, అది సెప్పాల."

సీటు ఎత్తాడు.
పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆన్చి
పిడిని పళ్ల మధ్య పట్టి కళ్లు మూసుకున్నాడు.
కొంచెం పైకి. కొంచెం పక్కకి.
గూడ్సు పోతున్నంతసేపూ ఆగి
నేల వణుకు తగ్గాక మళ్లీ కరిచాడు.
"ఎప్పుడు ఎక్కువరుస్తాది?"
రేజ్ చేస్తేనని కుడికాలితో చూపించాను.

బెల్టు విప్పాడు.
"ఒక్క నిమిసం తిప్పు. అంతకన్నా వొద్దు."
గుర్రు లేదు!
ఆర్నెల్ల తరవాత మొదటిసారి
నా బండి సొంత గొంతు విన్నాను,
పక్కింటి కుట్టుమిషనులా, సన్నగా.
అంటే జబ్బు కడుపులో లేదు.
డైనమోని వేలితో తిప్పితే నునుపుగా తిరిగింది.
నీళ్ల పంపు చక్రం మాత్రం ఊడబోయే పన్నులా ఊగింది.
దాని కింద చిన్న బెజ్జం, బెజ్జం నుంచి తెల్లటి చార.
కన్నీటి చార అనడానికి నాకు నోరు రాలేదు.
ఉప్పు, అంతే.
గోటితో గీకి నాలిక్కి రాసుకున్నాడు.
"ఏ నీళ్లు పోస్తన్నావు?"

అక్కడ దొరికిపోయాను.
రోజూ నాలుగున్నరకి, పొయ్యి వెలిగించక ముందే
పెదవాల్తేరులో మా బోరు కింద సీసా పట్టి
నిండా పోసేదాన్ని. ఒక్క పొద్దూ మానలేదు.
సముద్రం రెండు వీధుల అవతల.
ఆ నీళ్లతో పప్పు ఉడకదని తెలుసు,
ఇడ్లీపిండికి కార్పొరేషన్ కుళాయే పడతాను.
బండికి నాలిక లేదనుకున్నాను.

ఇంజను ఆపి, రేడియేటరు మీద చెయ్యి వెయ్యమన్నాడు.
పైన చురుక్కుమంది. కింద ఓ మూల చల్లగా,
పైపు వేసి నీళ్లు వదలని చివరి వీధిలా.
థర్మోస్టాటు ఉండాల్సిన చోట ఖాళీ.
"ఇశాపట్నంలో సలేటి, ఇదెందుకని పీకేసుంటారు"
అని నవ్వితే ముందుపన్ను ఒకటి లేదు.
పిడి అంత కుదురుగా కూర్చునేది ఆ సందులోనే.

పంపు, బెల్టు, థర్మోస్టాటు, రేడియేటరు కడుగుడు,
అంతా కలిపి అయిదు వేల రెండొందలు.
మరిదికి ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు గ్యాసుబండ పక్కన ఆకుపచ్చ కూలెంటు డబ్బా.
మంగవేణి షర్బత్ అనుకుంటుందని
పెద్దక్షరాలతో రాశాను: బండిది. ముట్టొద్దు.

సూది సగంలో నిలబడుతోంది.
ఎత్తు ఎక్కేటప్పుడు రేడియో కట్టేస్తాను,
ఆ గుర్రు లేకపోవడం వినడానికి.

నిన్న ఎండాడ దగ్గర కొత్తగా ఒక కిర్రు.
వెనక, కుడివైపు.
బండి పక్కకి ఆపి, ఎవరూ చూడట్లేదని చూసుకుని
సాంబారు గరిటె తలుపు మడతకి ఆన్చి
కాడని పళ్ల మధ్య పట్టుకున్నాను.